డీలర్ ముందు ఆసు: బ్లాక్‌జాక్‌లో ఇన్సూరెన్స్ ఎప్పుడు తీసుకోవాలి

మా అక్క కొడుకు దోస్తులతో గోవా వెళ్లి వచ్చాడు. దసరా సెలవులకు నల్లగొండ వచ్చినప్పుడు బీచ్ కబుర్లన్నీ అయ్యాక కాసినో దగ్గర ఆగిపోయాడు. అక్కడ ఆడిన ఒక్క ఆట వాడి మనసులోంచి పోవడం లేదు. వెయ్యి రూపాయలు పెట్టాడట. ఒక రాజు, ఒక పది పడ్డాయి. మొత్తం ఇరవై. కాసినో తరఫున ముక్కలు పంచే డీలర్ ముందు ఆసు తెరిచి ఉంది. "ఇన్సూరెన్స్?" అని డీలర్ అందరినీ అడిగింది. వీడు ఇంకో ఐదు వందలు ముందుకు తోశాడు. మూసిన ముక్క తిప్పితే ఏడు. ఇన్సూరెన్స్ డబ్బు పోయింది, ఆట గెలిచాడు. వెయ్యి రావాల్సిన చోట ఐదు వందలు వచ్చాయి.

"ఇరవై ఉండె కదా మామా. అంత మంచి ముక్కలు పడ్డప్పుడు కాపాడుకోవద్దా?" అని అడిగాడు.

నేను ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. ప్రాబబిలిటీ పాఠంలో పేక ముక్కల లెక్క చెప్పని ఏడాది లేదు. అయినా వాడి ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. లెక్క కష్టమై కాదు, ఆ పేరు మనసులో వేసే ముడి విప్పడం కష్టం. మన దగ్గరి పిల్లలు చాలామంది ఇప్పుడు గోవా వెళ్లి ఆ బల్లల ముందు కూర్చుంటున్నారు కాబట్టి వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు పేరు సంగతి. మన జిల్లాలో బీమా అంటే ఏమిటో రైతుకు ఎవరూ నేర్పక్కర్లేదు. 2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమాలో వానాకాలం వరికి రైతు కట్టాల్సింది బీమా మొత్తంలో 2 శాతం, పత్తికి 5 శాతం. అసలు ప్రీమియం అంతకన్నా ఎక్కువైతే మిగతాది ప్రభుత్వాలు భరించాలి. పంట పోతే డబ్బు వస్తుంది. అంటే నష్టం ఎక్కడుందో బీమా అక్కడే ఉంది. బ్లాక్‌జాక్‌లో ఇన్సూరెన్స్ అట్లా కాదు. మీ ముక్కలు ఏమైనా దానికి పట్టదు. అది డీలర్ మూసిపెట్టిన ఆ ఒక్క ముక్క మీద కాసే వేరే పందెం, అంతే. మీ పొలానికి బీమా కడుతున్నానని అనుకుంటూ, పక్క ఊళ్లో వాన పడుతుందా లేదా అని పందెం కాయడం లాంటిది.

ఆట తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. మీకు రెండు ముక్కలు, డీలర్‌కు రెండు ముక్కలు. డీలర్‌ది ఒకటి తెరిచి, ఒకటి మూసి. ఇరవై ఒకటి దాటకుండా డీలర్ కన్నా ఎక్కువ తెచ్చుకున్నవాడు గెలుస్తాడు. రాజు, రాణి, జాకీ అన్నీ పదే లెక్క, ఆసు ఒకటి లేదా పదకొండు. ఆసు, దాని పక్కన పది లెక్కొచ్చే ముక్క పడితే అదే బ్లాక్‌జాక్, దానికి మామూలుగా ఒకటికి ఒకటిన్నర ఇస్తారు. రాజు, రాణి, జాకీ, పది ఈ నాలుగింటినీ కలిపి ఇకనుంచి పదులు అంటాను.

డీలర్ ముందు ఆసు పడితే, మూసిన ముక్క పది అయ్యే ప్రమాదం ఉంది. అప్పుడే ఇన్సూరెన్స్ అడుగుతారు. మీ పందెంలో సగం దాకా పెట్టొచ్చు. మూసిన ముక్క పది అయితే పెట్టినదానికి రెండింతలు ఇస్తారు. కాకపోతే పెట్టింది పోతుంది. ఒకటికి రెండు ఇస్తున్నారు కాబట్టి, మూడింట ఒకసారైనా పది పడితేనే మనకు సమానం. ఇంతకన్నా గుర్తుపెట్టుకోవాల్సిన సూత్రం లేదు: మిగిలిన ముక్కల్లో పదులు కానివి, పదులకు రెండింతల కన్నా తక్కువ ఉండాలి.

ఇప్పుడు ఒక్క కట్ట తీసుకుని చూడండి. 52 ముక్కలు, పదులు 16. డీలర్ ఆసు కనపడింది కాబట్టి తెలియనివి 51. పదులు 16, కానివి 35. 16కు రెండింతలు 32. మూడు ముక్కలు ఎక్కువున్నాయి. కాసినో సంపాదనంతా ఆ మూడు ముక్కల్లోనే ఉంది. 51 సార్లు ఐదేసి వందలు పెట్టారనుకోండి. 16 సార్లు వెయ్యి చొప్పున 16,000 వస్తాయి, 35 సార్లు ఐదు వందల చొప్పున 17,500 పోతాయి. నికరంగా 1,500 నష్టం, అంటే పెట్టినదాంట్లో దాదాపు 5.9 శాతం. కాసినోల్లో ఎక్కువగా ఉండే ఆరు కట్టల ఆటలో ఇంకా ఎక్కువ పోతుంది: 311 ముక్కల్లో పదులు 96, కానివి 215. నష్టం 7.4 శాతం.

మా వాడి ఇరవై దగ్గరికి వద్దాం. అసలు తమాషా అంతా ఇక్కడే ఉంది. ఒక్క కట్టే అనుకుంటే, వాడి చేతిలో రెండు పదులున్నాయి. అవి డీలర్‌కు పోలేవు. మిగిలిన 49 ముక్కల్లో పదులు 14, కానివి 35. నష్టం 14 శాతం దాటింది. అదే వాడి చేతిలో తొమ్మిది, ఏడు లాంటి పనికిరాని పదహారు ఉంటే? 49లో పదులు 16, కానివి 33. నష్టం 2 శాతమే. మంచి ముక్కలు పడ్డప్పుడు ఇన్సూరెన్స్ మరింత చెడ్డ పందెం, చెత్త ముక్కలు పడ్డప్పుడు కాస్త తక్కువ చెడ్డ పందెం. మనసు సరిగ్గా దీనికి ఎదురు చెబుతుంది. మంచిదాన్ని కాపాడుకోవాలనుకుంటాం, చెత్తను వదిలేస్తాం. ఇన్సూరెన్స్ అన్న పేరు ఆ బలహీనత మీదే నిలబడింది. ఆరు కట్టల్లో ఈ తేడా చిన్నదైపోతుంది, కానీ పోయే దిక్కు అదే.

వాడికి నమ్మకం కుదరలేదు. చాప పరిచాం. మేనకోడలిని కూడా కూర్చోబెట్టాం. చిప్స్ బదులు చింతగింజలు, గింజకు వంద. ఒక్క కట్టతో నేను పంచాను. నా ముందు ఆసు పడే దాకా పంచుతూనే పోయాం. ఒకసారి ఆసు పడ్డప్పుడు వాడి చేతిలో ఐదు, మూడు. కోడలికి ఆరు, రెండు. నేనే డీలర్, నాకే ఇంకో పక్క ఒక ఆట కూడా పెట్టుకున్నాను, దానికి తొమ్మిది, నాలుగు. ఆరు ముక్కలు తెరిచి ఉన్నాయి, ఒక్క పదీ లేదు. "లెక్కపెట్టు" అన్నాను. 52లోంచి ఏడు తీస్తే 45. పదులు మొత్తం 16 లోపలే ఉన్నాయి. కానివి 29. 32 కన్నా తక్కువ. వాడు ఒక నిమిషం ఆ ముక్కల వైపే చూశాడు.

"అంటే ఇప్పుడు తీసుకోవాలె."

"నీకు ఎనిమిదే ఉంది కదా, దేన్ని కాపాడుకుంటావు?"

"కాపాడుడు కాదు మామా. కట్టల పదులు మస్తుగున్నయ్, గందుకు."

ఆ మాటతో సగం పాఠం అయిపోయింది.

మిగతా సగానికి ఒక్క కట్ట చాలదు. మరునాడు ప్రకాశం బజార్‌లో ఇంకో ఐదు కట్టలు కొనుక్కొచ్చాం. ఆరు కట్టలు కలిపితే 312 ముక్కలు, రెండు చేతుల్లో పట్టవు. అక్కడ అవే ఆరు చిన్న ముక్కలు కనపడినా ఏమీ మారదు. మిగిలిన 305లో పదులు 96, కానివి 209. రెండింతలైన 192 దాకా దిగిరావాలంటే ఇంకా చాలా చిన్న ముక్కలు బయటికి పోవాలి. అందుకే మొదటి ముక్క నుంచి గుర్తుపెట్టుకుంటూ రావాలి. కార్డ్ కౌంటింగ్ అంటే ఇదే.

ముక్కలు గుర్తుపెట్టుకోవడం మన రమ్మీ ఆటగాళ్లకు కొత్త కాదు. కింద పడేసిన ముక్కలు గుర్తులేనివాడు రమ్మీ ఆడలేడు. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్ కేసులో 1968లో సుప్రీంకోర్టు రమ్మీని నైపుణ్యం ఉన్న ఆటగా చెప్పినప్పుడు, పడిన ముక్కల్ని గుర్తుంచుకోవాలన్నది కూడా ఒక కారణంగా చూపింది. బ్లాక్‌జాక్‌లో అంత కష్టం కూడా లేదు. 1962లో ఎడ్వర్డ్ థోర్ప్ అనే లెక్కల ప్రొఫెసర్ ఐబీఎం 704 కంప్యూటర్ మీద లెక్కకట్టి పుస్తకం రాశాక ఈ విద్య లోకానికి తెలిసింది. ఆయన చెప్పిన ఒక పద్ధతిలో పదులు, పదులు కానివి విడివిడిగా లెక్కపెట్టాలి. కట్ట కొత్తగా ఉన్నప్పుడు 36కు 16, అంటే 2.25. అది 2 కన్నా కిందికి వస్తే ఇన్సూరెన్స్. పైన మనం చేసింది కూడా సరిగ్గా ఇదే.

ఇప్పుడు ఎక్కువమంది వాడేది ఇంకా తేలిక, దాని పేరు హై-లో. రెండు నుంచి ఆరు దాకా ఏది పడినా ఒకటి కలపాలి. ఏడు, ఎనిమిది, తొమ్మిది పడితే వదిలేయాలి. పదులు, ఆసులు పడితే ఒకటి తీసేయాలి. వచ్చిన మొత్తాన్ని ఇంకా ఎన్ని కట్టలు మిగిలాయో దానితో భాగించాలి. నాలుగు కట్టలు మిగిలి ఉండగా మొత్తం 12 అయితే, 3. ఆరు కట్టల ఆటలో ఇన్సూరెన్స్‌కు గీత సుమారుగా అక్కడే. 3, అంతకన్నా పైన ఉంటే తీసుకోవాలి, చేతిలో ఏమున్నా సరే. 3 కన్నా తక్కువైతే వద్దు, చేతిలో ఏమున్నా సరే. మొత్తం 9 ఉండి నాలుగు కట్టలు మిగిలితే 2.25, అప్పుడు వద్దు. భాగించడం మరిచిపోవడమే కొత్తవాళ్లు చేసే పెద్ద తప్పు. మా వాడు కూడా మొదటి రోజంతా 12 వచ్చిందని సంబరపడ్డాడు, ఎన్ని కట్టల మీద 12 అన్నది చూడలేదు.

ఇందులో ఒక చిన్న లోపం ఉంది, అది తెలిసి ఉండాలి. హై-లోలో ఆసును కూడా పదుల గాటనే కట్టారు, ఎందుకంటే మామూలు ఆటలో కట్టలో ఆసులు మిగలడం మనకు మంచిది. కానీ మూసిన ముక్క ఆసు అయితే ఇన్సూరెన్స్ గెలవదు, పోతుంది. ఇన్సూరెన్స్ విషయంలో ఆసు కూడా చిన్న ముక్క కిందే లెక్క. కాబట్టి ఆసులు ముందే ఎక్కువ పోయి ఉంటే, హై-లో చెప్పేదాని కన్నా ఇన్సూరెన్స్ మంచిదై ఉండొచ్చు. పట్టుదల ఉన్నవాళ్లు ఆసుల్ని వేరేగా కూడా గుర్తుపెట్టుకుంటారు.

కౌంటింగ్ చేసేవాళ్లు మామూలు పద్ధతిని పక్కన పెట్టాల్సిన 18 సందర్భాలను, బ్లాక్‌జాక్ మీద పుస్తకం రాసిన డాన్ ష్లెసింజర్ విలువను బట్టి వరుస పెట్టాడు. అందులో మొదటిది ఇన్సూరెన్సే. కారణం తేలికే. ఆసు పదమూడింట ఒకసారి పడుతుంది కాబట్టి ఈ ప్రశ్న తరచుగా వస్తుంది. పైగా లెక్క పైకి పోయిందంటే కట్టలో పదులు, ఆసులు ఎక్కువ మిగిలి ఆట మనవైపు మొగ్గినట్టు, కాబట్టి మన పందెం కూడా అప్పుడే పెద్దదిగా ఉంటుంది.

ఈవెన్ మనీ అని ఒకటుంది, దాని గురించి ఒక్క మాటే. మీకే బ్లాక్‌జాక్ పడి డీలర్‌కు ఆసు ఉంటే, "ఇప్పుడే ఒకటికి ఒకటి తీసుకో" అంటారు. అది కూడా ఇన్సూరెన్సే, చొక్కా మార్చుకుంది. వెయ్యి పెట్టి ఐదు వందలు ఇన్సూరెన్స్ కడితే డీలర్‌కు పది ఉన్నా వెయ్యే వస్తుంది, లేకపోయినా 1,500లోంచి 500 పోయి వెయ్యే వస్తుంది. వద్దని ఊరుకుంటే ఆరు కట్టల ఆటలో సగటున 1,039 దాకా వస్తుంది. ఖాయంగా వచ్చే వెయ్యి కోసం ప్రతిసారీ ముప్పై తొమ్మిది వదులుకుంటున్నాం.

ఇక్కడిదాకా లెక్క. ఇకనుంచి మనుషుల సంగతి, నాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది అదే.

బుర్రతో లెక్కపెట్టుకోవడం మోసం కాదు. అమెరికాలోని నెవాడాలో కూడా అది నేరం కాదు. 1985 నుంచి అక్కడ నేరమైంది పరికరాలు వాడడం. కానీ కాసినో తనకు నచ్చనివాణ్ని లేచి వెళ్లమనగలదు. న్యూజెర్సీలో మాత్రం కెన్ ఉస్టన్ అనే ఆటగాడు కోర్టుకు వెళ్లి, 1982లో గెలిచాడు. కౌంటింగ్ చేస్తున్నాడన్న కారణంతో అట్లాంటిక్ సిటీ కాసినోలు ఎవరినీ బయటికి పంపకూడదని అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. కాసినోలకు వేరే దారులున్నాయి కదా: పేక ముందే కలిపేయడం, పందెం పెంచనివ్వకపోవడం. అందుకే కౌంటింగ్ చేసేవాడి టెన్షన్ ఎప్పుడూ లెక్క గురించి కాదు, కనపడడం గురించి.

కనపడడం అంటే ఏమిటో మా ఇంట్లోనే తెలిసింది. రెండో సాయంత్రం ఆరు కట్టలతో ఆడుతున్నాం. మా అక్క గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. అక్కకు పేక రాదు. ఒక గంటయ్యాక తలెత్తకుండానే అంది: "ఇప్పుడు వీడు ఎక్కువ పెడ్తడు సూడు." వాడి చేయి అప్పుడే గింజల కుప్ప మీదికి పోతోంది. ఎనిమిది గింజలు పెట్టాడు. ఎట్లా తెలిసిందని అడిగితే, "తక్కువ పెట్టేటప్పుడు పల్లీలు తింటున్నడు. ఎక్కువ పెట్టేముందు పల్లీలు బంద్" అంది.

ఆ ఆటలోనే నాకు ఆసు పడింది. వాడికి తొమ్మిది, ఆరు. పదిహేను. లెక్క 3 దాటి ఉంది. వాడు ఆలోచించకుండా నాలుగు గింజలు ఇన్సూరెన్స్ పెట్టాడు. సరైన నిర్ణయమే. కానీ మేనకోడలు వెంటనే పట్టేసింది. "ఇందాక ఇరవై పడ్డప్పుడు వద్దన్నవు, ఒక్క గింజ పెట్టి. ఇప్పుడు పదిహేనుకు ఎందుకు తీసుకున్నవ్?"

కాసినోలో పై నుంచి కెమెరాలో చూసేవాళ్లు అడిగే ప్రశ్న కూడా ఇదే. మామూలు మనుషులు మంచి ముక్కలకు ఇన్సూరెన్స్ కడతారు, బ్లాక్‌జాక్‌కు ఈవెన్ మనీ తీసుకుంటారు, పదిహేనుకు కట్టరు. లెక్కపెట్టేవాడు ముక్కలు చూడడు, లెక్క చూస్తాడు. చిన్న పందెం మీద ఎప్పుడూ వద్దు, పెద్ద పందెం మీద ఎప్పుడూ కావాలి. పందెం పెంచడం ఒక్కటే అయితే "ఊపు మీదున్నాడు" అనుకోవచ్చు. పందెం పెరగడం, చెత్త ముక్కలకు ఇన్సూరెన్స్ కట్టడం, ఈ రెండూ కలిసి నడిస్తే ఇక దాచేదేమీ లేదు. అత్యంత విలువైన నిర్ణయమే అత్యంత బాగా కనపడే నిర్ణయం కూడా.

దీనికి ఆటగాళ్లు వేసుకునే ముసుగులకు ధర ఉంది, ఆ ధర లెక్కకట్టకుండా వేసుకుంటే మునుగుతారు. ఇరవై ఉందని, లెక్క సున్నా దగ్గర ఉండగా, నలుగురిలో ఒకడిగా కనపడడానికి వెయ్యి పందెం మీద ఐదు వందలు కట్టారనుకోండి. సగటున 37 రూపాయలు పోయినట్టే. బాగా లెక్కపెట్టేవాడికి కూడా ఆధిక్యం 1 శాతం చుట్టుపక్కలే ఉంటుంది, అంటే వెయ్యికి పది రూపాయలు. ఒక్కసారి ముసుగు వేసుకుంటే నాలుగు ఆటల సంపాదన పోయింది. అదే లెక్క 2 దగ్గర ఉన్నప్పుడు కడితే పోయేది 12 రూపాయల లోపే. పైగా ఆ సందర్భంలో ఇరవైకి కట్టడంలో ఒక నిజమైన లాభం ఉంది: డీలర్‌కు పది లేకపోతే ఇన్సూరెన్స్ పోయినా ఇరవై చాలావరకు గెలుస్తుంది, పది ఉంటే ఆట పోయినా ఇన్సూరెన్స్ గెలుస్తుంది. ఎగుడుదిగుళ్లు తగ్గుతాయి. ఇన్సూరెన్స్ తన పేరుకు తగ్గట్టు పనిచేసేది ఆ ఇరుకు సందులోనే, చూసేవాళ్లకు సహజంగా కనపడేది కూడా అక్కడే. అంటే ముసుగు వేసుకోవాలంటే గీతకు దగ్గరగా, మంచి ముక్కల మీద. గీత దాటాక చెత్త ముక్కల మీద వద్దనుకోవడం కూడా ఒక ముసుగే, కానీ పందెం పెద్దది కాబట్టి ధర కూడా ఎక్కువ.

ముసుగు అక్కర్లేకుండా ఆడే దారిని 1970లలో అల్ ఫ్రాన్సెస్కో అనే ఆటగాడు కనిపెట్టాడు. కొందరు చిన్న పందేలతో బల్లల దగ్గర కూర్చుని లెక్కపెడతారు. లెక్క పైకి పోగానే సైగ చేస్తారు. అప్పుడు పెద్ద పందెం పెట్టేవాడు వచ్చి కూర్చుంటాడు. వాడు మొదటినుంచీ పెద్దదే పెడతాడు కాబట్టి పెంచినట్టు కనపడదు. ఉస్టన్ ఈ విద్య నేర్చుకుంది ఆయన జట్టులోనే. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ విద్యార్థుల జట్లు ఆడింది కూడా ఈ పద్ధతే. చివరికి ఆ జట్లను కూడా ముఖాలను బట్టి గుర్తుపట్టారు.

ఇదంతా చదివి ఇంటి దగ్గర డబ్బు పెట్టి ఆడదామనుకునేవాళ్లకు చట్టం సంగతి చెప్పాలి. మన రాష్ట్రంలో గేమింగ్ చట్టం 1974 నాటిది. 2017లో దాన్ని సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడడాన్ని, రమ్మీతో సహా, నిషేధించారు. 2025లో కేంద్రం కూడా ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. ఫోన్‌లో కనపడే బ్లాక్‌జాక్ యాప్‌లో ఇన్సూరెన్స్ తీసుకోవాలా అని నన్ను అడిగే విద్యార్థులున్నారు. వాళ్లకు నేను చెప్పేది, ఆ యాప్ తీసేయమని. గోవాలో 1976 నాటి చట్టానికి తర్వాత చేసిన సవరణలతో కాసినోలకు అనుమతి ఉంది. మా ఇంట్లో చింతగింజలకు ఏ అనుమతీ అక్కర్లేదు.

వెళ్లేముందు మా వాడు బ్యాగ్ సర్దుకుంటూ ఇంకోటి అడిగాడు. తాను కూర్చున్న బల్ల దగ్గర పేక కలిపేది మనిషి కాదట. ఆట అయిన ముక్కల్ని అప్పటికప్పుడే ఒక మిషన్‌లో వేస్తున్నారట, అది కలుపుతూనే ఉంటుందట. "అప్పుడు లెక్క ఎట్ల మామా?"

పోయిన ముక్కలు వెంటనే తిరిగి కట్టలోకి వచ్చేస్తుంటే లెక్క సున్నాను వదిలి ఎక్కువ దూరం పోదు. 3 దాకా వచ్చే మాటే లేదు. అలాంటి బల్ల దగ్గర పల్లీలు నిశ్చింతగా తినొచ్చు, ఎవరూ చూడరు. ఆసు పడినప్పుడల్లా ఒకటే జవాబు: ఇన్సూరెన్స్ వద్దు. ఇరవై ఉన్నా, పదిహేను ఉన్నా, బ్లాక్‌జాక్ ఉన్నా.